నల్లబల్ల మీద నూట ఇరవై నిమిషాలు

సువార్తమ్మ గారు పోయారన్న కబురు నాకు ప్రెస్సులో అందింది. శకునాల మీద రాసిన ఒక వ్యాసానికి ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చున్నాను. ప్రెస్సు యజమాని ఫోను చేత్తో పట్టుకుని, "మాస్టారూ, మీకే. పటమట నుంచి ఎవరో అమ్మాయి" అన్నాడు. అవతల ఆమె మేనకోడలు. "మాస్టారూ, అత్తయ్య తెల్లవారుజామున నిద్రలోనే..." అని ఆగిపోయింది. ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "డాక్టరు చూశాడా? సరిగ్గా చూశాడా?" అన్నాను. జీవితమంతా ప్రతిదానికీ ఋజువు అడిగిన నాలుక. ఆ రోజు కూడా అదే అడిగింది. "చూశారండీ" అంది ఆ పిల్ల ఏడుస్తూనే. ఇంకేం అడగను? ఫోను పెట్టేసి మళ్ళీ ప్రూఫుల ముందు కూర్చున్నాను. అచ్చయి వచ్చాక చూస్తే ఆ రెండు పేజీల్లో పద్దెనిమిది తప్పులున్నాయి.

ఆమె బతికి ఉంటే ఆ పద్దెనిమిదీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి పోస్టులో పంపేది.

కృష్ణా డెల్టాలో, పామర్రుకి కొద్ది మైళ్ళ దూరంలో, మా హైస్కూల్లో ఆమె లెక్కల టీచరు. నేను సైన్సు మాస్టర్ని. పదకొండేళ్ళు ఒకే స్టాఫు రూములో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. ఆమె పరమ విశ్వాసి. ఆదివారం ప్రార్థన తప్పదు, సంచిలో బైబిలు తప్పదు. నేను పరమ నాస్తికుణ్ణి. పదకొండేళ్ళలో ఆమె నన్ను ఒక్కసారి కూడా చర్చికి రమ్మనలేదు. నేను మాత్రం ఆమెని నా సభలకి రమ్మని పిలవని వారం లేదు. ఇద్దరిలో మతప్రచారకులు ఎవరో పాఠకులే తేల్చుకోవచ్చు.

మనిషి పొట్టి. అంచు సన్నని తెల్లచీర. కుడిచేతికి ఎప్పుడూ సుద్ద. ఎడమ మణికట్టుకి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం, ముఖం లోపలివైపుకి తిప్పి. అది ఆమె తండ్రిది. ఆయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి, పోయేముందు కొడుకులిద్దరూ ఉండగా దాన్ని కూతురికిచ్చాడట. "మా నాన్నకి మందు ఎన్ని గంటలకి వెయ్యాలో తెలుసు. మా అన్నయ్యలకి తిండి ఎన్ని గంటలకో తెలుసు, అంతే" అనేది నవ్వుతూ. ఆ గడియారాన్ని చూసి భయపడని మనిషి మా స్కూల్లో లేడు. హెడ్మాస్టరు గారితో సహా.

ఒకసారి నా ఉపన్యాసానికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. జాతకాల మీదా, రాహుకాలం మీదా, దేవుడి పేరున జరిగే దోపిడీ మీదా నేను నిప్పులు కురిపించాననే అనుకున్నాను. మర్నాడు స్టాఫు రూములో అడిగాను:

"ఎలా ఉందండీ నిన్నటి సభ?"

"బాగుంది సైన్సు మాస్టారూ. కానీ పక్షపాతం చూపించారు."

"నేనా! అన్ని మతాల్నీ విమర్శించానే!"

"విమర్శించారు. వాళ్ళ దేవుళ్ళని ఇరవై ఆరు నిమిషాలు. మా దేవుణ్ణి నాలుగే నిమిషాలు. మేమేం పాపం చేశామండీ?"

ఆ తరువాతి సభలో నేను అందరికీ సమానంగా వడ్డించాను. ఆమె సంతృప్తిగా తలూపింది.

ఆమె భక్తికీ లెక్కలకీ మధ్య పెద్ద గోడ ఉండేది. పరీక్షల రోజుల్లో ఒక తండ్రి తన కొడుకు చేతికి తాయెత్తు కట్టించి, మా గదిలోకి తీసుకొచ్చి, "దేవుడి దయవల్ల లెక్కల్లో గట్టెక్కుతాడండీ" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. "అలాగేనండీ. కానీ లెక్క దేవుడు చేస్తే మార్కులు దేవుడికే వేస్తాను. మీవాడికి సున్నా వస్తే నన్ననకండి." నా పది ఉపన్యాసాల కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది. సాయంత్రానికి ఆ కుర్రాడు నాలుగు సందేహాలు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. ఆమె పేరు తెలిసినవాళ్ళందరికీ ఆమె నల్లబల్ల గురించి తెలుసు. అది ఎలా పుట్టిందో తెలిసినవాళ్ళు తక్కువ. అందులో నా పరాభవం కూడా ఒక భాగం కనుక ఇన్నాళ్ళూ నేనే దాచాను.

అప్పట్లో తొమ్మిదో తరగతి నుంచే పిల్లల్ని రెండుగా చీల్చేవాళ్ళం. మామూలువాళ్ళకి జనరల్ లెక్కలు, చురుకైనవాళ్ళకి కాంపోజిట్ లెక్కలు. కాంపోజిట్ చదివినవాళ్ళకే కాలేజీలో లెక్కల గ్రూపు గుమ్మం తెరుచుకునేది. ఇంజనీరు కావాలన్నా, లెక్కల మాస్టరు కావాలన్నా దారి అదొక్కటే. కాబట్టి కాంపోజిట్ సెక్షను అంటే మాకందరికీ గర్వం. గర్వం ఉన్నచోట బరువు పెరుగుతుంది. వీళ్ళు తెలివైన పిల్లలు కదా అని ప్రతి మాస్టరూ ఇంటిపని రెట్టింపు ఇచ్చేవాడు. ఇంగ్లీషు మాస్టరు వ్యాసం ఇచ్చేవాడు, సోషలు మాస్టరు మ్యాపులు ఇచ్చేవాడు, తెలుగు పండితుడు గారు పద్యాలకి ప్రతిపదార్థాలు రాయమనేవారు, నేను బొమ్మలు గీయించేవాణ్ణి. పక్కవాడు ఎంత ఇచ్చాడో ఎవడికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవడూ అనుకోలేదు.

ఆ సెక్షనులో పదో తరగతి చదువుతున్న రహీమున్నీసా అనే అమ్మాయి ఉండేది. బజారు వీధిలో టైలరు మస్తాన్ కూతురు. ఆ వీధిలోనే మస్తాన్ ఇంటి అరుగు మీద మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. స్కూలు వదలగానే ఈ పిల్ల తండ్రి పక్కన కూర్చుని చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టాలి. అంటే గుండీలు పట్టే రంధ్రాలకి చుట్టూ దారంతో అంచు కట్టడం. తల్లికి చూపు ఆనదు, ఆ పని ఇంక చేసేవాళ్ళు లేరు. లెక్కల్లో ఆ పిల్ల బుర్ర పాదరసం. కానీ జూలై నెల వచ్చేసరికి క్లాసులో కళ్ళు మూతపడేవి. ఒకనాడు నా పాఠంలోనే, రక్తప్రసరణ చెబుతుండగా, పెన్ను పట్టుకునే నిద్రపోయింది. నేను కోప్పడ్డాను కూడా.

వారం తిరక్కుండా మస్తాన్ ఒక అర్జీ రాయించి తెచ్చాడు. తన కూతురికి కాంపోజిట్ భారం అవుతోంది కనుక జనరల్ లెక్కల్లోకి మార్చవలసిందని. నాలుగు రోజుల తరువాత హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యం గారు దాన్ని స్టాఫు రూముకే తెచ్చి, కలం మూత తీశారు.

"పాపం, తెలివైన పిల్లే. కానీ ఇంట్లో వాళ్ళే వద్దంటే మనమేం చేస్తామండీ?"

పండితుడు గారు నిట్టూర్చారు. "ఎవరి తలరాత ఎంతవరకుంటే అంతే. మనం తెచ్చిపెట్టగలమా?"

తలరాత! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. లేచి నిలబడ్డాను. తలరాత అన్నది బద్ధకస్తులు తమ బద్ధకానికి పెట్టుకున్న ముద్దుపేరనీ, ఆడపిల్ల చదువు ఆగిపోయిన ప్రతిచోటా వెతికితే దాని వెనక ఒక మనిషి చేసిన పని కనబడుతుందనీ, దేవుడి చెయ్యి మాత్రం కనబడదనీ, ఆ మనిషిని పట్టుకుని నిలదియ్యాలనీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. చాలా బాగా చెప్పాననుకుంటాను. ఎందుకంటే ఇంగ్లీషు మాస్టరు చప్పట్లు కొట్టాడు.

సువార్తమ్మ గారు గడియారం చూసుకుంది.

"అయిందాండీ?"

"అయింది."

"బాగా చెప్పారు. ఆ మనిషెవరో పట్టుకుందాం మరి. నిన్న మీరు కాంపోజిట్ సెక్షనుకి ఇంటిపని ఏమిచ్చారు?"

"గుండె బొమ్మ. భాగాలు గుర్తించడం. అయిదు ప్రశ్నలకి జవాబులు. ఎంతండీ, అరగంట పని."

"అరగంటని ఎలా తెలుసు?"

"తెలుసంతే. పద్దెనిమిదేళ్ళుగా ఇస్తున్నాను."

"చేసి చూశారా ఎప్పుడైనా?"

నేను పంచాంగాన్ని ఋజువు అడిగినవాణ్ణి. పూనకం వచ్చినవాడి నాడి పట్టుకుని చూసినవాణ్ణి. నిప్పులమీద నడిచేవాళ్ళ వెంట థర్మామీటరు పట్టుకుని తిరిగినవాణ్ణి. నా ఇంటిపని అరగంటేనన్న నమ్మకానికి మాత్రం ఏ ఋజువూ లేదు. పద్దెనిమిదేళ్ళుగా నేను పెంచి పోషించిన మూఢనమ్మకం అది.

"ఇవాళ స్కూలు వదిలాక ల్యాబులో కూర్చుని చెయ్యండి మాస్టారూ. నేను టైము చూస్తాను. హెడ్మాస్టరు గారూ, అంతవరకు ఆ కలం మూత పెట్టండి సార్."

ఆయన పెట్టారు. "క్వార్టర్లీ పరీక్షలదాకా ఆగుతానమ్మా. ఆ తరువాత నన్నడక్కండి. ఈ పిల్లని కూర్చోబెట్టి ఫెయిలు చేయిస్తే మస్తాన్ నా మొహమ్మీద ఉమ్మేస్తాడు" అన్నారు.

నాలుగుంపావుకి ల్యాబులో స్టూలు మీద కూర్చున్నాను. కిటికీల దగ్గర పిల్లలు గుమిగూడారు. పెన్సిలు చెక్కుకోవడానికే నాలుగు నిమిషాలు పట్టిందని ఆవిడ ప్రకటించింది. గుండె గీశాను. ఎడమ జఠరిక పెద్దదైపోయింది. చెరిపాను. మళ్ళీ గీశాను. కాగితం చిరిగింది. సువార్తమ్మ గారు వంగి చూసి, "ఇది గుండెకాయంటారా, గుత్తివంకాయంటారా?" అంది. కిటికీ బయట నవ్వులు. అయిదు జవాబులూ రాసి తలెత్తేసరికి గంటా ముప్పై అయిదు నిమిషాలయింది.

"మీకు జవాబులు తెలుసు మాస్టారూ. పాఠం మీదే. పిల్లలకి తెలియవు, అదీ గుర్తు పెట్టుకోండి" అంది, గెలిచిన గర్వం ఏ మాత్రం లేకుండా. గర్వం ఉండి ఉంటే నాకు సులువయ్యేది. పోట్లాడేవాణ్ణి.

ఆ వారమంతా ఒక్కొక్కరి వంతు. పండితుడు గారి పద్యాలు యాభై నిమిషాలు. ఇంగ్లీషు వ్యాసం నలభై అయిదు. సోషలు మ్యాపు యాభై అయిదు. అందరికన్నా చివర ఆమె తన ఇరవై లెక్కలూ తానే చేసి, "డెబ్బై నిమిషాలండీ. చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది" అంది. అన్నీ కలిపితే అయిదు గంటల పదిహేను నిమిషాలు. ఒక్క సాయంత్రానికి! రహీమున్నీసాని పిలిచి, కాజాలూ వంటపనీ అయ్యాక చదువుకి ఎంతసేపు దొరుకుతుందని అడిగింది. "రెండు గంటలండీ" అంది ఆ పిల్ల తల దించుకుని, అదేదో తన తప్పయినట్టు.

పదో తరగతి గది బయట వరండాలో ఒక నల్లబల్ల ఉండేది. పండితుడు గారు దాని మీద రోజుకో సూక్తి రాసేవారు. సువార్తమ్మ గారు తడిగుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిచి, పైన 120 అని వేసి, కింద గళ్ళు గీసింది. నియమాలు రెండే. ఏ మాస్టరైనా ఇంటిపని ఇవ్వాలంటే ముందు తాను చేసి, పట్టిన సమయానికి ఒకటిన్నర రెట్లు ఆ బల్ల మీద వెయ్యాలి. అందరివీ కలిపి నూట ఇరవై నిమిషాలు దాటకూడదు.

"సూక్తి పోయిందేమిటమ్మా?" అన్నారు పండితుడు గారు దిగాలుగా.

"సూక్తి చదవడానికి పిల్లలకి ఖాళీ చేస్తున్నానండీ" అంది.

హెడ్మాస్టరు గారికి కోపం వచ్చింది. "ఒక్క పిల్ల కోసం క్లాసంతటికీ కొలత వేస్తారా?"

"మన కాలవ వంతెన మీద ఇంత బరువు మించి పోకూడదని బోర్డు పెట్టారు కదండీ. ఆ అంకె ఏ స్తంభాన్ని చూసి వేశారు? గట్టిదాన్ని చూసి వేస్తే ఈపాటికి మన బస్సు కాలవలో ఉండేది."

నేను ఎన్నో వాదాలు విన్నాను, ఎన్నో చేశాను. సమానత్వం గురించి ఇంత సూటిగా చెప్పిన మాట ఏ సభలోనూ వినలేదు. ఆ మాట ఒక విశ్వాసురాలు చెప్పినందుకు కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆ తరువాత రెండు నెలలు మా వరండా కూరల బజారులా ఉండేది. ఆఖరి పీరియడు ముందు మాస్టర్లందరం బల్ల దగ్గర చేరి బేరాలు. "ఇవాళ నాకు నలభై కావాలి, కంపోజిషను ఉంది." "అయితే మ్యాపు రేపటికి మానుకుంటాను, రేపు మీరు ఏమీ ఇవ్వకూడదు." "పండితుడు గారూ, పది పద్యాలెందుకండీ, మూడు చాలవూ?" "మూడా! మరీ అన్యాయం. నాలుగు!" పోట్లాటలో పోట్లాటగా ఒక వింత జరిగింది. ఏది ముఖ్యమో, ఏది ఊరికే అలవాటుకొద్దీ ఇస్తున్నామో మొదటిసారి ఆలోచించాం. నేను అయిదు ప్రశ్నల్లో మూడు ఎందుకు ఇస్తున్నానో నాకే తెలియలేదు. తీసేశాను. ఎవరూ, ఏదీ నష్టపోలేదు. గుండె మాత్రం గీయించాను. దాన్ని వదులుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది.

అందరికన్నా ఎక్కువ తగ్గించుకున్నది ఆమే. ఇరవై లెక్కలు నాలుగయ్యాయి. "ఇరవై చేసిన పిల్ల ఎప్పుడు అయిపోతాయా అని చూస్తుంది. నాలుగు చేసిన పిల్ల మూడోది ఎందుకు తప్పిందా అని చూస్తుంది" అనేది. ఆ మాట నా డైరీలో రాసుకున్నాను. నాస్తికుడి డైరీలో ఉన్న ఏకైక సువార్త అదేనని ఏడిపించేది.

ఎదురుగాలి లేకపోలేదు. ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి దబాయించాడు. "ఏంటండీ ఇది? మావాడు ఎనిమిదింటికల్లా పుస్తకాలు మూసేసి ఖాళీగా కూర్చుంటున్నాడు!"

"ఖాళీగా కూర్చుని ఏం చేస్తున్నాడండీ?"

"రేడియో విప్పి పార్టులన్నీ పీకి నేలమీద పెట్టాడు!"

"మళ్ళీ బిగించాడా?"

"బిగించాడు... పలుకుతోంది కూడా అనుకోండి."

"మరింకేం? ఇంటిపని ఎక్కువిస్తే రేడియో పాడయ్యేది కాదు, బాగయ్యేదీ కాదు."

ఆయన ఇంకేదో అనబోయి, నవ్వొచ్చి, మోటారు సైకిలెక్కాడు.

క్వార్టర్లీ పరీక్షలు వచ్చాయి. ఇక్కడ నేను అబద్ధం చెప్పలేను. క్లాసు మొత్తం మీద మార్కులు పెద్దగా పెరగలేదు. తెలుగులో కాస్త తగ్గాయి కూడా. పండితుడు గారు మూడు రోజులు మాతో మాట్లాడలేదు. కానీ లెక్కల పేపరు దిద్దేటప్పుడు సువార్తమ్మ గారు రహీమున్నీసా పేపరు తాను ముట్టుకోకుండా నాకిచ్చింది. "నేను దిద్దితే ప్రేమ అంటారు. మీరు ఎవర్నీ నమ్మరు కదా, మీరు దిద్దండి." జవాబుల కాగితం దగ్గర పెట్టుకుని దిద్దాను. జూలైలో పెట్టిన పరీక్షలో నూటికి పంతొమ్మిది వచ్చిన పిల్లకి అరవై ఏడు వచ్చాయి. రెండోసారి కూడినా అరవై ఏడే. హెడ్మాస్టరు గారు అర్జీ తీసి దాని మీద "అవసరం లేదు" అని రాసి సంతకం చేశారు. ఆ సాయంత్రం సువార్తమ్మ గారు అందరికీ ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది. ఆమె కాఫీ మహా చేదు. దాని గురించి మాత్రం ఏ ఋజువూ ఆమె ఒప్పుకునేది కాదు.

లోపాలు లేని మనిషేం కాదు. మా అందరి నిమిషాలూ కొలిచిన ఈవిడ బస్సు ఎక్కాలంటే గంట ముందు వెళ్ళి రోడ్డు మీద నిలబడేది. "దేవుడి మీద నమ్మకం ఉంది కదా, ఇంట్లో కూర్చోవచ్చుగా?" అంటే, "దేవుడి మీద ఉంది, డ్రైవరు మీద లేదు" అనేది. మొండితనం అపారం. నోరు పదును. ఆమె వల్ల ఏడ్చిన ఆడపిల్లలున్నారు, ఏడ్చిన మాస్టర్లూ ఉన్నారు. పాస్టరు గారు "రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అని యాభై అయిదు నిమిషాలు మాట్లాడితే, గుమ్మం దగ్గరే ఆపి లెక్క చెప్పింది. నాకు మాత్రం తక్కువ చేసిందా? రిటైరయ్యాక బెజవాడ వచ్చి నేను రాసిన ప్రతి వ్యాసానికీ ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చేది. ఆఖరి కార్డు పోయిన నెలది: "మీ వ్యాసం చదివాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. విషయం ఆరు నిమిషాలది."

సమాధుల తోటలో ఆ సాయంత్రం చాలామంది ఉన్నారు. పాస్టరు గారు లేచి, గొంతు సవరించుకుని, "టీచరమ్మ గారు వింటూ ఉంటారు కనుక పది నిమిషాల్లో ముగిస్తాను" అన్నారు. ఏడుస్తున్నవాళ్ళు కూడా ఫక్కున నవ్వారు. వినడాలు ఉండవని నాకు తెలుసు. అయినా గడియారం చూశాను. పదమూడు నిమిషాలు. ఆమె ప్రభావం కొంత మిగిలే ఉందని అనుకున్నాను.

బయట బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతుంటే ఎవరో "సార్" అన్నారు. రహీమున్నీసా. ఇప్పుడు మైలవరం వైపు ఒక స్కూల్లో లెక్కల టీచరు. తన వరండాలో కూడా బల్ల పెట్టించిందట. అక్కడి సైన్సు మాస్టరు ఇంకా లొంగలేదట. పక్కన గడ్డం నెరిసిన మస్తాన్. నన్ను చూసి చేతులు జోడించి, ఎందుకో నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏంటి మస్తాన్?"

"ఏం లేదు సార్. ఇన్నాళ్ళూ టీచరమ్మ చెప్పొద్దన్నారు. ఇప్పుడు చెప్పొచ్చుగా అని."

అతను చెప్పాడు. అర్జీ ఇచ్చిన మర్నాడే సువార్తమ్మ గారు బజారు వీధికి వెళ్ళి, అతని మిషను పక్కన చాప మీద కూర్చుందట. అరుస్తుందేమోనని అతను భయపడ్డాడు. ఆవిడ గడియారం విప్పి ముందు పెట్టుకుని, "ఒక సూది ఇవ్వు మస్తాన్. ఒక కాజాకి ఎంతసేపు పడుతుందో చూస్తాను" అంది.

"వద్దమ్మా అంటే వింటారా సార్? మా పిల్ల ఆరు నిమిషాల్లో కుట్టే కాజా టీచరమ్మకి అరగంట పట్టింది. అదీ వంకర! వేలంతా సూదిపోట్లే. పోతారులే అనుకున్నా. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడు మళ్ళీ! 'నేను కుట్టినన్నీ నీ కూతురికి తగ్గించు, అంతసేపు అది లెక్కలు చేసుకుంటుంది' అంటారు. ఆమె కుట్టినవన్నీ విప్పి నేను మళ్ళీ కుట్టుకోవాలి. గిరాకీ వాళ్ళు తిడుతున్నారు. పదో రోజు కాళ్ళ మీద పడ్డాను సార్. 'టీచరమ్మా, మా పిల్లని మీ కాంపోజిట్లోనే ఉంచుకోండి. చదువుకోడానికి రోజుకి రెండు గంటలు ఒదిలేస్తాను. మీరు మాత్రం ఆ సూది కింద పెట్టండి తల్లీ' అన్నాను."

రహీమున్నీసా నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. నేను లెక్క వేసుకున్నాను. మమ్మల్ని బల్ల దగ్గర నిలబెట్టిన ఆ రెండు గంటలు ఆ పిల్లకి దొరికినవి కావు. సూదిపోట్లతో ఆమె సంపాదించి పెట్టినవి. మా పని మమ్మల్ని చేసి చూడమనడానికి ముందే ఆమె ఇంకొకరి పని చేసి చూసింది. ఆ వారం ఆమె వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టి ఉండటం నాకు గుర్తుంది. సుద్ద పడకపోవడం వల్లేమో అనుకున్నాను. పరిశీలన నా వృత్తి!

"ఇంకోటి చెప్పనా సార్? కోప్పడరు కదా?" అన్నాడు మస్తాన్. "ఆ ఏడాది మీరు తెల్ల చొక్కా కుట్టించుకున్నారు. పై కాజా పెద్దదైపోయిందని, గుండీ నిలవడం లేదని నన్ను నానా మాటలూ అన్నారు, గుర్తుందా? అదొక్కటీ విప్పడం మర్చిపోయాను."

గుర్తులేకపోవడమేమిటి! ఆ చొక్కా తొడుక్కుని ఆరేళ్ళు వేదికలెక్కాను. తలరాత లేదని చెయ్యెత్తినప్పుడల్లా ఆ పై గుండీ ఊడిపోయేది. మధ్యలో ఆగి పెట్టుకునేవాణ్ణి. ముందు వరసలో సువార్తమ్మ గారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నా వాదనకి నవ్వుతోందనుకుని మరింత గట్టిగా అరిచేవాణ్ణి.

ఇంటికి రాగానే మా ఆవిణ్ణి ఆ చొక్కా ఎక్కడుందని అడిగాను. "అది ఎప్పుడో పాతబట్టలవాడికి వేసి స్టీలు గిన్నె తీసుకున్నాను కదండీ" అంది. గిన్నె తెప్పించుకుని చూశాను. మామూలు గిన్నె.

ఆమె మళ్ళీ కలుస్తుందని నమ్మేవాళ్ళకి ఓదార్పు ఉంది. నాకది లేదు. ఆమెకా సంగతి తెలుసు. అందుకే నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నా దృష్టిలో ఆ మనిషి ఒక్కసారే ఉంది, ఇక ఉండదు. అంచేతే ఈ నష్టం నాకు ఇంత పెద్దది. నేను జీవితమంతా వాదించిన పద్ధతిని నాకన్నా నిజాయితీగా పాటించిన సువార్తమ్మ గారికి, ఎవరికీ వంచని ఈ తల వంచి నమస్కరిస్తున్నాను. ఎదుటివాడి నెత్తిన బరువు పెట్టే ముందు దాన్ని ఒకసారి ఎత్తి చూడాలన్నది ఆమె దగ్గర ఆలస్యంగా నేర్చుకున్నాను. కనుక ఈ వ్యాసాన్ని పత్రికకి పంపే ముందు గడియారం పెట్టుకుని పైకి చదివి చూశాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

అందులో విషయం ఎన్ని నిమిషాలదో రాసి పంపే కార్డు కోసం, రాదని తెలిసీ, పోస్టు వేళకి గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతున్నాను.